రిటన్ లోడు తాతయ్య

భూమి తనంతట తాను తిరుగుతుందని బడిలో చెప్పారు. అది అబద్ధమని ఎనిమిదో తరగతిలోనే నాకు తెలిసిపోయింది, అందుకే బడి మానేశాను. అసలు సంగతి ఏమిటంటే, మా తాతయ్య ముప్పై ఎనిమిదేళ్ళుగా దాని మీద పద్నాలుగు చక్రాల లారీ తోలుతున్నాడు. ఆ చక్రాలు వెనక్కి తన్నే తన్నుకు భూమి తిరుగుతోంది. ఆయన బ్రేకు వేసిన రోజున పొద్దు కాస్త ఆలస్యంగా వాలుతుంది. నమ్మకపోతే మా అమ్మమ్మనడగండి. ఆవిడా నమ్మదు, కానీ అడిగినందుకు టీ ఇస్తుంది.

అలాంటి భూమి మొన్నామధ్య పదిహేను రోజులు ఆగిపోబోయింది.

తోటి డ్రైవర్లు తాతయ్యను రిటన్ లోడు అంటారు. సరుకు దింపిన ఊరినుంచి ఖాళీ బండితో వెనక్కి రావడం ఆయన ఒంటికి పడదు. తిరుగు సరుకు ఏదో ఒకటి దొరికేదాకా అక్కడే కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. ఇది లారీతో ఆగితే బాగుండేది. ఇంట్లోనూ అంతే. పడగ్గదిలో దువ్వెన పెట్టడానికి వెళితే, వచ్చేటప్పుడు దిండో దుప్పటో పట్టుకొస్తాడు. మా అమ్మ పుట్టినప్పుడు ఆస్పత్రికి లారీతోనే వచ్చాడట. బిడ్డను చూశాడు, అమ్మమ్మ నుదుటి మీద చెయ్యి వేశాడు, బయటికొచ్చి ఆస్పత్రి వెనకాల పడి ఉన్న కాళ్ళు విరిగిన మంచాలు పదకొండింటిని చూసి, వాటిని వెల్డింగు షాపుకి చేర్చే పని మాట్లాడుకుని మరీ వెళ్ళాడట.

"నన్నూ పిల్లనీ ఎక్కించుకోవడం మరిచిపోయాడు కానీ మంచాల్ని మరిచిపోలేదు" అని అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది.

"మిమ్మల్ని ఇంకో మూడ్రోజులదాకా పంపేది లేదన్నారు కదే" అని తాతయ్య ఇప్పటికీ అంటాడు.

ఏ బండిలో ఏ సరుకు ఎక్కాలి, ఏ దారిన వెళ్ళాలి, ఎన్నింటికి చేరాలి అని ఆఫీసులో కూర్చుని ఫోన్లో చెప్పే పనిని డిస్పాచ్ అంటారు. మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటా తిన్నగా రాలేదు. కంట్రోలు అంటాం. అక్కడ కూర్చునే ఆవిడ కంట్రోలక్క. పంతొమ్మిదేళ్ళుగా తాతయ్యకు బండి ఎటు తిప్పాలో ఆవిడే చెబుతుంది. రెండు గంటలకోసారి ఫోను చేసి ఒకే మాట అడుగుతుంది, "ఎక్కడ, బాబాయ్?" అని. ఆయనా ఒకే ముక్క చెబుతాడు, "ఫలానాది దాటా" అని. అంతే సంభాషణ. కానీ ఫోనులో ఇంజను చప్పుడు విని "బాబాయ్, నాలుగో గేరులో ఏదో మూలుగుతోంది, చూపించండి" అంటుందావిడ. ఆవిడ గొంతులో ఆయాసం విని కడుపుతో ఉందని కనిపెట్టాడీయన. తరువాత ఫోను వెనక పసిబిడ్డ ఏడుపు వినిపించింది, ఆ తరువాత ఎక్కాలు వినిపించాయి, ఇప్పుడా పిల్లవాడు కాలేజీలో ఉన్నాడు. ఒక్కసారీ ఆ సంగతులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆఫీసుకు వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడాలంటే మాత్రం తాతయ్యకు చచ్చేంత మొహమాటం. యార్డులోకి వచ్చి, ఆవిడ కిటికీ కిందే నిలబడి, ఫోను చేస్తాడు.

అరవై రెండేళ్ళ డ్రైవరు పెద్ద బండి తోలాలంటే డాక్టరు పరీక్ష నెగ్గాలి. బీపీలో పై అంకె నూట యాభై దాటకూడదు. తాతయ్యది నూట డెబ్బై ఎనిమిది చూపించింది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, పదిహేను రోజులు ఇంట్లో కూర్చోమన్నాడు. పదహారో రోజున మళ్ళీ చూస్తానన్నాడు.

"అప్పటికీ తగ్గకపోతే?" అన్నాడు తాతయ్య.

"పెద్ద లైసెన్సు ఆగిపోతుంది. చిన్న కారు తోలుకోండి హాయిగా."

ఇంటికొచ్చాక తాతయ్య చెప్పులు విప్పకుండానే అమ్మమ్మతో అన్నాడు, "నన్ను కారు తోలుకోమన్నాడే ఆ మనిషి." నలుగురిలో చెంపదెబ్బ తిన్నవాడి మొహంలా ఉంది ఆయన మొహం.

మాది ఇస్త్రీ షాపు పైన రెండు గదుల ఇల్లు. వంటింటి నుంచి బాల్కనీ దాకా పదిహేడు అడుగులు. ఆ లెక్క నాకెందుకు తెలుసంటే మొదటిరోజు తాతయ్య దాన్ని రెండొందలసార్లు కొలిచాడు. కొలిచిన ప్రతిసారీ ఉత్త చేతులతో తిరగడు కదా. అటు వెళ్ళేటప్పుడొక వస్తువు, ఇటు వచ్చేటప్పుడొక వస్తువు. రెండోరోజు సాయంత్రానికి ఉప్పు డబ్బా బట్టల బీరువాలోకీ, అమ్మమ్మ కళ్ళజోడు గిన్నెల అలమరలోకీ, నేను కుట్టాల్సిన చొక్కాల మూట స్నానాలగదిలోకీ చేరాయి. నేను ఇంట్లో కూర్చుని చొక్కాలకు కాజాలు కుడతాను. ఒక పూటంతా చొక్కాలకోసం వెతకడమే సరిపోయింది.

"ఇది ఇల్లా, గోడౌనా?" అంది అమ్మమ్మ.

"గోడౌనే నయం. అక్కడ రాసిపెట్టుకుంటారు" అన్నాను.

మూడోరోజు బాల్కనీ పట్టుకున్నాడు. కింద వీధిలో నీళ్ళ ట్యాంకరు వెనక్కి తిరుగుతుంటే పైనుంచి "రానీ, రానీ, ఎడమకి కొట్టు, ఇంకొంచెం రానీ, చాలు" అని కేకలు. చెత్త బండికీ అవే కేకలు. చివరికి ఒక ఆవిడ పిల్లవాడి తోపుడు బండిని వెనక్కి లాగుతుంటే దానికీ దారి చూపించాడు. ఆవిడ తల ఎత్తి చూసిన చూపుకు నేను లోపలికి పారిపోయాను.

మందుల షాపు నుంచి బీపీ మిషను అరువు తెచ్చాం. నాలుగోరోజు అది నూట ఎనభై రెండు చెప్పింది. మాత్రలు వేసుకుంటున్నాడు, ఉప్పు మానేశాడు. అయినా ఎక్కుతోంది. అమ్మమ్మ తన చేతికీ కట్టించుకుంది. ఆవిడకూ నూట అరవై. "చూశావా, ఈ మనిషిది అంటువ్యాధి" అంది.

"ఒకచోట కూర్చుంటే ఏం పోతుంది తాతా?" అనడిగాను.

ఆయన కుర్చీ అంచున కూర్చుని మోకాలు ఊపుతున్నాడు. "లోడు బండికి ఉన్నట్టుండి బ్రేకు వేస్తే ఏమవుతుందో తెలుసా?"

"ఆగుతుంది."

"బండి ఆగుతుంది. వెనకున్న లోడు ఆగదు. మొత్తం ముందుకొచ్చి వీపు మీద పడుతుంది." అని లేచి, నీళ్ళ బిందె ఎత్తుకుని బాల్కనీ వైపు వెళ్ళిపోయాడు.

నేను వెక్కిరించకుండా ఆయన వెనకే వెళ్ళి బిందెకు ఒక చెయ్యి పట్టాను. నా జీవితంలో అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున మిషను పట్టీ ఆయన చేతికి చుట్టి బొత్తాం నొక్కానో లేదో ఫోను మోగింది. కంట్రోలక్క. బండి తాళంచెవి రెండోది ఎక్కడ పెట్టారని అడుగుతోంది. తాతయ్య కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు సగం మూసి, సీటు కింద పెట్టెలో పాత గుడ్డలో చుట్టి ఉంటుందని తీరిగ్గా చెప్పాడు. మోకాలు ఊగడం ఆగింది. నేను మిషను వైపు చూశాను. నూట యాభై ఎనిమిది.

ఆయన స్నానానికి వెళ్ళగానే బాల్కనీలో నిలబడి కంట్రోలక్కకు ఫోను చేశాను.

"అక్కా, మా తాతకి ఒక లోడు ఇవ్వవా?"

"డాక్టరు ఆపిన మనిషికి లోడు ఎలా ఇస్తానే?"

"బండి లేకుండా ఇవ్వు. రెండు గంటలకోసారి ఎక్కడ అని అడుగు, చాలు."

లైను తెగిపోయింది. పిచ్చిపిల్లనుకుని ఫోను పెట్టేసిందనుకున్నాను.

అరగంటలో తాతయ్య ఫోను మోగింది. "బాబాయ్, టైల్సు. పద్దెనిమిది టన్నులు. తొమ్మిదింటికి గేటు దాటాలి."

తాతయ్య ఫోను చెవి దగ్గర పెట్టుకునే నా వైపు చూశాడు. ఆయనేం వెర్రివాడు కాడు. నేను కాజా మీదకు తల వంచాను, సూది వేలికి గుచ్చుకుంది. ఆయన అడిగాడు, "సరుకు మీద పట్టా గట్టిగా కట్టారా?"

"కట్టారు బాబాయ్."

"సరే. బయలుదేరుతున్నా."

గడ్డం గీసుకున్నాడు. ఖాకీ చొక్కా వేసుకున్నాడు. కుర్చీని బాల్కనీ గుమ్మంలోకి లాక్కుని, కుడికాలి కింద ఒక ఇటుక పెట్టుకుని, గోడ గడియారం కనబడేలా కూర్చున్నాడు. చేతులతో స్టీరింగు తిప్పడంలాంటి నాటకాలేవీ లేవు. ఊరికే కూర్చున్నాడు. ఆ మనిషి ఊరికే కూర్చోవడం నేను పుట్టాక చూడలేదు.

"ఎక్కడున్నావు తాతా?" అన్నాను ఒంటిగంటకు.

"మాట్లాడకు. కొండ దిగుతున్నా."

అలా నాలుగురోజులు నేను ఆయన పక్క సీట్లో ప్రయాణం చేశాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇంట్లో చెప్పనివి అప్పుడు చెప్పాడు. ఒక ఊళ్ళో మంగలి మనిషిని నిలబెట్టే గడ్డం గీస్తాడట, కూర్చోబెడితే డ్రైవర్లు నిద్రపోతారని. ఇంకోచోట దారి పక్కన ఎవరిదో గుమ్మం ఒక్కటే మిగిలి ఉందట, గోడల్లేవు, తలుపుకు మాత్రం తాళం వేసి ఉందట. రెండోరోజు మధ్యాహ్నం ఒక మలుపు దగ్గర కుర్చీ చేతి మీద వేలితో రెండుసార్లు కొట్టాడు.

"అదేంటి?"

"హారను."

"అడ్డం ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. నాతోపాటు నేర్చుకున్నవాడు ఇక్కడే బోల్తాపడ్డాడు. నేను వెళుతున్నానని చెబుతా. అంతే."

మధ్యమధ్య కంట్రోలక్క మీద విసుక్కునేవాడు. ఈయన వంతెన దాటానంటే ఆవిడ, "ఇంకా లేదు బాబాయ్, టోలు దగ్గర లైనుంది, నెమ్మదిగా రండి" అనేది.

"ఉత్తుత్తి బండికి లైనేంటే?" అన్నాడు నాతో.

"నీ స్పీడు తగ్గించడానికే" అన్నాను. నాకూ అంతకంటే తెలియదు.

నూట అరవై రెండు. నూట యాభై ఆరు. నూట యాభై మూడు. అమ్మమ్మకు పూర్తిగా దిగిపోయింది. ఎనిమిదోరోజు సాయంత్రం తాతయ్య ఆ ఊరు చేరాడు. తొమ్మిదోరోజు టైల్సు దింపాడు. ఆ రోజు మా ఇంట్లో పండగలా ఉంది, ఎందుకంటే ఉప్పు డబ్బా వంటింట్లోనే ఉంది.

పదోరోజు పొద్దున్నే తయారై కూర్చున్నాడు. ఫోను మోగింది. "ఎక్కడ, బాబాయ్?"

"దింపిన చోటే. రిటన్ ఏంటి?"

"ఇంకా లేదు. చూస్తున్నా."

పదకొండోరోజూ అదే మాట. తాతయ్య భోజనానికి లోపలికి రాలేదు. పళ్ళెం గుమ్మంలోకే తెప్పించుకుని తిన్నాడు. "సరుకు లేకుండా ఇంటికెలా వస్తాను?" అన్నాడు. ఇల్లు ఆయన వెనక రెండడుగుల దూరంలో ఉంది. అమ్మమ్మ నా వైపు చూసి తల పట్టుకుంది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇంట్లో ఉన్న మనిషిని తీసుకెళ్ళి పరాయి ఊళ్ళో వదిలేశావు. ఇప్పుడెవరు తెస్తారు?"

సాయంత్రానికి మోకాలు ఊగడం మొదలైంది. పన్నెండోరోజు పొద్దున నూట డెబ్బై నాలుగు. పరీక్ష ఇంకా నాలుగు రోజులుంది.

అమ్మమ్మ వండుతుండగా వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని కంట్రోలక్కకు ఫోను చేశాను. వేళ్ళు కూరగాయల తడితో ఉన్నాయని స్పీకరు పెట్టాను. "అక్కా, నీకిది ధర్మమేనా? ఊహల్లో కూడా సరుకుకు కరువొచ్చిందా? ఒక లోడు పారేస్తే నీ సొమ్మేం పోతుంది?"

"ఊహల్లో ఇవ్వడంలేదే నేను" అంది.

"అంటే?"

"నాకు అబద్ధం లోడు చెప్పడం చేతకాలేదు. బాబాయ్ బండి నిజంగానే ఆ టైల్సుతో వెళ్ళింది. కళ్ళజోడు డ్రైవరు తోలుతున్నాడు. బండి ఎక్కడుంటే బాబాయ్‌ని అక్కడ ఉంచా. తన సీట్లో ఇంకొకరు కూర్చున్నారంటే బాధపడతారని చెప్పలేదు. ఇప్పుడా బండికి రెండ్రోజులుగా తిరుగు సరుకు దొరకడంలేదు. రేపటిలోగా దొరక్కపోతే ఖాళీగానే తెచ్చేయమన్నారు పైవాళ్ళు."

వెనకాల తలుపు తెరుచుకుంది. తాతయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో చీపురుంది, తిరుగు సరుకుగా తెచ్చినట్టున్నాడు. మొత్తం విన్నాడు.

ఆ క్షణాన మిషను కట్టి ఉంటే పగిలి ఉండేది. అమ్మమ్మ పొయ్యి తగ్గించింది. తాతయ్య చీపురు గోడకు ఆనించి ఫోను అందుకున్నాడు.

"అమ్మాయ్."

"బాబాయ్..."

"సీటు వెనక్కి జరిపాడా?"

"ఎవరు?"

"కళ్ళజోడు. సీటు వెనక్కి జరిపాడా అని."

"పొడుగు మనిషి బాబాయ్. జరపక తప్పదు కదా."

"దిగేటప్పుడు సీటు మళ్ళీ నాలుగో గాడిలో పెట్టమను." గడియారం వైపు తిరిగాడు. "టోలు దగ్గర లైనన్నప్పుడే అనుమానమొచ్చింది. లేని బండికి లైనెవరు పెడతారు. బండి ఎక్కడ నిలబెట్టాడు?"

"ముందు గేటు దగ్గర, మిగతా బండ్ల వరసలో."

"అక్కడ నెల నిలబడ్డా ఎవడూ చూడడు. ఊరి చివర సీసాల ఫ్యాక్టరీ ఉంది. వెనక గేటుకి వెళ్ళమను. పదకొండు లోపు వెళ్ళాలి, తరువాత కాపలా మనిషి మారిపోతాడు. పొద్దున ఉండేవాడికి చెవుడు. హారను కొడితే లాభంలేదు, లైట్లు రెండుసార్లు వెయ్యమను. అలా వేసేది రిటన్ లోడు బండేనని వాడికి తెలుసు."

"కళ్ళజోడుకి ఇవన్నీ ఒప్పజెప్పేసరికి పదకొండవుతుంది బాబాయ్."

"వాణ్ణి లైనులోకి తీసుకో. నేను చెబుతా."

తన బండిని, తన సీట్లో కూర్చున్న ఇంకొకరి చేత, మా వంటింటి గట్టు దగ్గర నిలబడి తోలించాడు తాతయ్య. ఎడమకి తిప్పు, స్కూలు దాటాక గుంత ఉంది చూసుకో, పాలకేంద్రం పక్కసందు, పైన తీగలు తగులుతాయి నెమ్మది. కళ్ళజోడు "సరే పెద్దాయనా, సరే పెద్దాయనా" అంటున్నాడు. పదకొండుకు పది నిమిషాలుందనగా "లైట్లు వేశాను పెద్దాయనా" అన్నాడు. తరువాత ఇనప గేటు కిర్రుమన్న చప్పుడు మా వంటింట్లో వినిపించింది.

మధ్యాహ్నానికి ఖాళీ సీసాల లోడు ఎక్కింది. తాతయ్య కుర్చీలో వాలాడు. నూట యాభై ఒకటి.

"ఖాళీ సీసాలు నింపుకుని వస్తే ఖాళీగా వచ్చినట్టా, నిండుగా వచ్చినట్టా?" అని అడిగింది అమ్మమ్మ. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఆయన ఆ పూటంతా కదల్లేదు. మాత్రలకంటే అదే బాగా పనిచేసిందని ఆవిడ నమ్మకం.

మూడున్నర రోజుల తిరుగు ప్రయాణం. పదహారోరోజు పొద్దున పరీక్ష గదిలోకి వెళ్ళేసరికి బండి యార్డుకు ఇంకా పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. గది బయట ఫోన్లు ఆపేయాలని బోర్డు. తాతయ్య బల్ల మీద కూర్చున్నాడు, కాళ్ళు నేలకు అందడంలేదు, మోకాలు మెల్లగా మొదలైంది. నర్సు పట్టీ చుడుతోంది.

నేను గుమ్మంలోంచి, కంట్రోలక్క గొంతు పెట్టి, "ఎక్కడ, బాబాయ్?" అన్నాను.

నర్సు వెనక్కి తిరిగి నా వైపు చూసింది. తాతయ్య కళ్ళు మూసుకున్నాడు.

"వంతెన దిగుతున్నా. ఇంకో ఇరవై నిమిషాలు."

మోకాలు ఆగింది. నూట నలభై ఆరు.

"మాత్రలు బాగా పనిచేస్తున్నాయి" అన్నాడు డాక్టరు. "ఆరు నెలలకు ఇస్తున్నా. మాత్ర ఒక్కరోజు తప్పినా నాకు తెలిసిపోతుంది. ఆరు నెలల తరువాత మళ్ళీ రావాలి."

"ఆరు నెలలేనా?" అన్నాను నేను.

"ఆరు నెలలు చాలా దూరం" అన్నాడు తాతయ్య. చొక్కా గుండీలు పెట్టుకోకుండానే బయటికి నడిచాడు.

ఇంటికి కాదు, యార్డుకి. సీసాలు గలగలమంటూ బండి అప్పుడే లోపలికొస్తోంది. కళ్ళజోడు దిగి దణ్ణం పెట్టాడు. తాతయ్య తల ఊపి, క్యాబిన్ ఎక్కి, ముందుగా సీటు పట్టుకుని చూశాడు. నాలుగో గాడిలోనే ఉంది. పైన కిటికీలో కంట్రోలక్క నిలబడి ఉంది. గొంతు కాదు, నిజంగా మనిషి. ఈయన చటుక్కున తల దించుకుని ఫోను తీశాడు.

"ఎక్కడ, బాబాయ్?" అంది ఆవిడ, కిటికీలోంచి ఈయన్ని చూస్తూనే.

"వచ్చేశా" అన్నాడు.

కళ్ళు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో, అంత దూరం నుంచి నాకు కనబడలేదు. నేను వెనక్కి తిరగబోతుంటే తాతయ్య పిలిచాడు. "ఇంటికేగా? ఉత్త చేతులతో వెళతావా?" అని చిరిగిన పట్టా ముక్క ఒకటి నా నెత్తిన పెట్టాడు, కుట్టి తెమ్మని. అది మా ఇంటి గుమ్మమంత ఉంది.

ఇది రాసేసరికి నాలుగు నెలలు గడిచాయి. ఇంకా రెండు మిగిలాయి. మొన్న తాతయ్య ఒక్క పూట ఇంటికొచ్చినప్పుడు, ఆయన పారిపోకుండా గుమ్మానికి అడ్డం కూర్చుని, ఇదంతా చదివి వినిపించాను. టీ తాగుతూ విన్నాడు. భూమి దగ్గర నవ్వలేదు, మంచాల దగ్గర నవ్వలేదు. మలుపు దగ్గర గ్లాసు మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. చదవడం అయిపోయింది. ఏమంటాడోనని చూస్తున్నాను. మోకాలు అప్పటికే ఊగుతోంది.

"ఎలా ఉంది తాతా?"

"అయిందిగా. లోపలికి వెళుతూ ఈ గ్లాసు పట్టుకెళ్ళు, వచ్చేటప్పుడు నా చెప్పులు పట్రా."